పలక మొఖం ఎటున్నది

ఫిబ్రవరి 3, సోమవారం

అందరు మంచిగున్నరా అని ముందుగాల అడగాలె. కాయితం మీద కలం పెడితే మొదలు మంచిచెడ్డ అడగాలె, తర్వాతనే సంగతి అని రాత్రిబడి సారు నేర్పిండు. నాకు వచ్చిన రాత అంత ఉత్తరాల రాతనే. ఈ బుక్కు ఎవ్వలికి పోదు. అయినా అడుగుత.

ఈయన మంచిగున్నడా? మోకాళ్ళు సలుపుతున్నయి. ఒక చెవు వినొస్తలేదు, రెండో చెవు తనకు ఇష్టమైంది వింటది. కొడుకు సంపత్ మంచిగున్నడా? ఫస్ట్ షిఫ్టు నడుస్తున్నది, కండ్లు ఎర్రగున్నయి, అడిగితే ఓసీ దుబ్బ అంటడు, మీదికెల్లి తవ్వే బొగ్గు బాయి దుబ్బ. కోడలు శోభ మంచిగున్నదా? మంచిగనే ఉన్నది, నేను వంటింట్లకు పోతే ఫోను బోర్ల పెడుతున్నది. మనుమరాలు సహస్ర మంచిగున్నదా? పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చినయి, రెండు బుక్కల కంటే ఎక్కువ తింటలేదు. కింది క్వార్టర్ల సుసన్నక్క మంచిగున్నది. కంపెనీ దవాఖానల ఆయాగ చేసి రిటైరైంది గదా, ఇంట్ల బీపీ మిషిని పెట్టుకున్నది. నాకు నూటడెబ్బై చూపెట్టింది. దవాఖాన డాక్టరమ్మనేమో, మల్లక్కా, నీ ఫికర్లన్ని ఒక బుక్కుల రాసి, బుక్కు మూసి పండుకో అన్నది. యూనియనోళ్ళు ఇచ్చిన డైరీ ఖాళీగనే ఉన్నది. అందుకే ఇది.

కాలనీ గోడవతల ఆ మనిషి సంగతి నేను అడగలే. అడగ. సుసన్నక్కనే చెప్పింది, కుడి చెయ్యి కాలు ఇంకా లేస్తలేవట. బిడ్డ హర్షిణి హైదరాబాద్ కొలువునే ఇంటి కాన్నుంచి కంప్యూటర్ మీద చేసుకుంట తండ్రికి చేస్తున్నదట. ఆ పిల్ల హైదరాబాద్ పోవాల్సొస్తే రాయమల్లుకు నోట్ల ముద్ద పెట్టేటోళ్ళు లేరు అన్నది. నాకెందుకు అన్న. నీ తమ్ముడే గదనే అన్నది. పన్నెండేండ్ల కింద ఉండె అన్న.

సంగతేందంటే, ఇయ్యాల సంపత్ డ్యూటీ నుంచి ఒక అట్టడబ్బ పట్టుకొచ్చిండు. నట్టింట్ల నెట్టు డబ్బా ఉంటది గదా, దానికి రెండు చిన్న చెవులుంటయి. ఆ చెవులు తిప్పి తీసేసిండు. వాటి జాగల నల్లటి వైర్లు బిగిచ్చి కిటికీల నుంచి మేడ మీదికి గుంజిండు. మేడ మీద ఇనుప పైపు నిలవెట్టి దానికి ఒక కర్ర, ఒక తెల్లటి పలక కట్టిండు. పలక రొట్టెల పీట అంత ఉన్నది. ఎందుకురా అంటే రేంజ్ పెరుగుతదమ్మా అన్నడు.

ఉన్నయి మూడు అర్రలు. తానాల అర్రల గూడ సహస్ర ఫోను పాడుతది. ఇంకెంత దూరం పోవాల్నట రేంజ్?

సహస్రను అడిగిన.

"కర్ర నలుదిక్కుల పోతది నానమ్మా. పలక ఒక్క దిక్కే పోతది, కని మస్తు దూరం పోతది."

"ఒక్క దిక్కు అంటే ఎవ్వల దిక్కు?"

పుస్తకంల తలకాయ పెట్టింది. అంత బుద్ధిగ ఎన్నడు చదవలే.

ఫిబ్రవరి 4, మంగళవారం

శోభను అడిగిన. గాలికే అత్తమ్మా అన్నది. గాలికి పలకేంది?

ఈయనను అడిగిన. వినొస్తలేని చెవు నా దిక్కు పెట్టి కూసున్నడు.

ఫిబ్రవరి 6, గురువారం

సుసన్నక్క ఒక ముచ్చట చెప్పింది. ఎక్కడనో ఒకాయన ఇంట్ల నెట్టు ఉండెనట. పక్కింటి పోరడు దొంగతనంగ అదే నెట్టు వాడుకొని ఫోన్ల మీద ఎవ్వలినో మోసం చేసిండట. పోలీసోళ్ళు వచ్చి మోసం చేసినోన్ని పట్టుకోలే, నెట్టు బిల్లు ఎవ్వల పేరు మీదున్నదో ఆయనను జీపెక్కిచ్చిండ్రట. నాది కాదు సారూ అంటే నీ ఇంట్ల నుంచే పోయింది గదా అన్నరట.

మా బిల్లు సంపత్ పేరు మీదున్నది. సంపత్‌ది కంపెనీ కొలువు. కేసు పడితే డ్యూటీ బందు. ఆ కొలువు ఎట్లొచ్చిందో నాకు తెలుసు. ఈయన మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ జాగల కొడుకుకు రావాల్సిన కొలువు, ఏడాదిన్నర ఫైలు లేవలే. పిల్లగాని వయసు తప్పు రాసిండ్రని ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం పోయింది. స్కూలు కాయితంల ఒక వయసు, ఈయన సర్వీసు కాయితంల ఒక వయసు ఉన్నదన్న సంగతి నాకు, ఈయనకు, ఇంకొక్క మనిషికి తప్ప తెల్వది. ఆ ఇంకొక్క మనిషే గోడవతల ఉన్నడు. నేను ఆయన గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న. మరదలు చచ్చిపోయిననాడు గూడ మేడ మీద నిలవడి చూసిన, కిందికి దిగలే.

ఒకసారి పోగొట్టుకోబోయినం. మళ్ళ ఎవ్వలో మా కాన్నుంచి నెట్టు గుంజుకొని ఏం చేస్తున్నరో. ఆ పలక ఎవ్వలి దిక్కు పెట్టిండ్రు? నాకు తెల్వాలె.

ఫిబ్రవరి 7, శుక్రవారం

బుక్కు మూసిన. ఫికరు మూసుకోలే.

ఫిబ్రవరి 9, ఆదివారం

తెలుసుకున్న.

ఈయన కటింగ్ చేపిచ్చుకోవడానికి పోయినప్పుడు ఆయన ట్రంకుపెట్టె తీసిన. ఈయన బొగ్గు బాయిల సర్వే మజ్దూర్ గదా. భూమి కింద దారి తవ్వేటప్పుడు వంకర పోకుంట కప్పుకు రెండు దారాలు కట్టి, దారాలకు ఇత్తడి గుండ్లు వేలాడదీస్తరు. ఎనుక నిలవడి ఒక కన్ను మూసి చూస్తే రెండు దారాలు ఒక్కటే దారం లెక్క కనవడాలె. అప్పుడు ఎదురుంగ ఏది కనిపిస్తే అది లైను. పెండ్లైన కొత్తల నాకు ఇంట్ల గోడ మీద నేర్పిచ్చిండు, నవ్వుకుంట. అటు చివరన దీపం పట్టుకొని నిలవడేది నా తమ్ముడు. ఆ మాట ఎందుకు రాసిన్నో.

రెండు గుండ్లు కొంగుల కట్టుకొని మేడ ఎక్కిన. పలక ఎనుక పైపుకు బిగిచ్చిన ఇనుప బోల్టు ఉన్నది, దాని మొన పక్కకు పొడుచుకొచ్చింది. బాణం లెక్క. బట్టలారేసే తీగకు రెండు దారాలు కట్టి, మొనకు సూటిగ చూసుకుంట జరిపిన. ఆఖరికి రెండు దారాలు ఒక్కటైనయి. లైను నీళ్ళ ట్యాంకు పక్క నుంచి పోయి ఆఖరి వరుసల చివరి అర్రకు తాకింది.

ఉపేందర్ ఉండే అర్ర. మట్టి బండ్లు నడుపుతడు, కాంట్రాక్టు పని. ఒక్కడే ఉంటడు. పెండ్లి లేదు. ఎప్పుడు చూసినా ఫోన్ల తల పెట్టి ఉంటడు.

నేననుకున్న.

ఫిబ్రవరి 10, సోమవారం

పాలప్యాకెట్‌కు పోతున్నట్టు పోయి ఉపేందర్ అర్ర ముంగట నిలవడ్డ. గడప మీద కూసోని బూట్లు దులుపుతున్నడు.

"మా నెట్టు తింటున్నవా నువ్వు?" అని అడిగిన. ఇంకో తీరుగ అడుగుదామనుకున్న, నోట్లకెల్లి అదే వచ్చింది.

"నెట్టు తినేదైతే నాకు వంట చేసుకునే తిప్పలు తప్పేది అవ్వా" అన్నడు.

ఫోను చూపెట్టుమన్న. చూపెట్టిండు. ఇంగ్లీషుల ఏందో ఉన్నది, నాకు రాదు. కని బొమ్మలు వచ్చు. పేకముక్కలున్నయి. ఎర్రవి, నల్లవి. పేకాట ఆడుతున్నవా అంటే ఊకెనే ఆట అవ్వా, పైసల్లేవు, పొద్దుపోవడానికి అన్నడు. పైసల్లేని పేకాట ఎవ్వడు ఆడుతడు? మా పలక నీ దిక్కే ఉన్నది, నేను లైను పట్టి చూసిన అని చెప్పిన. అప్పుడు నవ్విండు.

"పలక ఎవ్వలికో సంపతన్నను అడుగు. నన్నెందుకు అడుగుతవు?"

అంటే ఈనికి గూడ తెలుసు. కాలనీ అందరికి తెలుసు. నాకొక్కదానికే తెల్వది.

ఫిబ్రవరి 11, మంగళవారం

సంపత్‌కు చెప్పిన, ఉపేందర్‌కు నెట్టు ఎందుకు ఇస్తున్నవురా, పేకాట కేసుల నువ్వు ఇరుకుతవు అని. ఉపేందర్‌కా అన్నడు. శోభ మొఖం చూసిండు. శోభ బియ్యం చూసింది. ఆయనకేం ఇస్తలేనమ్మా, నువ్వు గోలీ వేసుకొని పండుకో అన్నడు.

నమ్మలే. వాళ్ళు డ్యూటీకి, బడికి పోయినంక మేడ ఎక్కి పలకను జానెడు తిప్పిన. ఓసీ మట్టి గుట్ట దిక్కు పెట్టిన. అటు ఎవ్వలు లేరు. మట్టి వాడుకుంటే వాడుకోని.

ఫిబ్రవరి 12, బుధవారం

పొద్దుగాల సంపత్‌కు ఫోనొచ్చింది. లుంగీ మీదనే మేడకు ఉరికిండు. దిగొచ్చి, కోతులు పలకను తిప్పినయి అన్నడు. ఈ నడుమ కోతులు ఎక్కువైనయి బిడ్డా అని నేను గూడ అన్న.

కోతులు ఎక్కువైంది నిజమే. నిన్న నేను దిగినంక అవి గూడ తిప్పి ఉండొచ్చు. నేను తిప్పింది జానెడే.

ఫిబ్రవరి 13, గురువారం

మళ్ళ తిప్పిన. రెండు జానలు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

సంపత్ పానా తెచ్చి బోల్టు బిగిచ్చిండు, మీదికెల్లి తీగ చుట్టిండు. ఇగ ఏ కోతికి తిరగదు అన్నడు. నేను పట్టి చూసిన, తిరుగుతలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

సహస్రను మెల్లగ అడిగిన, వాన పడితే నెట్టు ఆగుతదా అని. వానకేం కాదు నానమ్మా, ఇనుపరేకు అడ్డమొస్తే ఆగుతది అన్నది. ఈ కాలం పిల్లలకు ఎన్ని తెలుసో.

బియ్యప్పిండి వడియాలు పెట్టిన. ఎప్పుడు చాప మీద పెడుత, ఈసారి రేకు మీద పెట్టిన. రేకును పలకకు ఆనిచ్చి వాలుగ నిలవెట్టిన. ఎండ ఆ మూలకే మంచిగొస్తది. వడియాలకు ఎండ కావాలె గదా.

ఫిబ్రవరి 16, ఆదివారం

నేను మెట్లు ఎక్కుతుంటే మెట్ల మలుపు కాడ సంపత్ ఫోన్ల మాట్లాడుతున్నడు. నన్ను చూడలే. నేను రెండు మెట్లు కిందికి దిగి నిలవడ్డ.

ఇరవై నాలుగు దాకనే చూస్తమన్నరా అన్నడు. డబ్బా ఖరాబైనట్టున్నది, కొత్తది తెస్త అన్నడు. ఆ తర్వాత గొంతు తగ్గిచ్చి, నువ్వు హైదరాబాద్ పోతే ముసలాయన సంగతేంది మరి అన్నడు.

ముసలాయన. ఈ ఇంట్ల ముసలాయన అంటే ఈయననే. హైదరాబాద్ ఎవ్వలు పోతున్నరు? శోభనా? సహస్రను హాస్టల్ల వేసి శోభను గూడ పంపి, ఈయనను నన్ను ఎక్కడ ఇడిసిపెడుతరు? లోపలికి పోయేసరికి శోభ, ఈయన గుసగుసలు పెడుతున్నరు, నన్ను చూసి ఆపిండ్రు. చెవు వినొస్తలేనాయనతోటి గుసగుస ఎట్ల పెడుతరు?

సంపత్ మేడ ఎక్కలే. నట్టింట్ల డబ్బా ఇప్పుకొని కూసున్నడు. పైకి పోతే రేకు కనవడేది. నేను చాయ్ పెట్టిచ్చిన.

ఫిబ్రవరి 17, సోమవారం

బీపీ నూటతొంభై. సుసన్నక్క తిట్టింది, ఏం రాస్తున్నవే ఆ బుక్కుల, తక్కువ కావాల్సింది ఎక్కువైతున్నది అని.

గోడవతల పిల్ల ఏడుస్తున్నదట. రెండొద్దుల నుంచి నెట్టు వస్తలేదట. అంతకు ముందు గూడ ఆగుకుంట వచ్చిందట. హైదరాబాద్ ఆఫీసోళ్ళు ఇరవై నాలుగు తారీఖు దాక చూస్తం, లైను నిలకడ లేకపోతే ఆఫీసుకే వచ్చి చెయ్యాలె, లేకపోతే కొలువు ఇడిసిపెట్టు అన్నరట. ఇయ్యాల ఆ పిల్ల నెట్టు కోసం సెంటినరీ కాలనీల ఎవ్వలింట్లనో కూసున్నదట. రాయమల్లుకు ముద్ద నేనే పెట్టొచ్చిన అన్నది సుసన్నక్క. ఎడమ పక్క నమిలి కుడి పక్క కార్చుకుంటున్నడట.

నాకు చెప్పకు అన్న.

సుసన్నక్క పోయినంక యాదికొచ్చింది, గోడవతల మూడే ఇండ్లున్నయని, రేపో మాపో ఓసీల పోయే జాగకు వైరు గుంజనని నెట్టు కేబులాయన అన్నడని. మరి ఆ పిల్లకు ఇన్నొద్దులు నెట్టు యాడికెల్లి వచ్చింది?

వంకాయ కూర మాడింది. అది చూస్తుంటే ఈ సంగతి మర్చిపోయిన.

ఫిబ్రవరి 18, మంగళవారం

వడియాలు ఎండినయి. రేకు తియ్యలే.

ఫిబ్రవరి 19, బుధవారం

ఈయన మేడ ఎక్కిండు. రెండేండ్ల సంది ఎక్కలే. ఒక్కో మెట్టుకు ఆగుకుంట, గోడ పట్టుకుంట ఎక్కిండు. ఎందుకు ఎక్కుతున్నవు, మోకాళ్ళు పోతయి అని నేను ఎనుక ఎక్కిన. ఉరికి ముందుకు పోయి రేకు తీద్దామనుకున్న, మెట్ల మీద సందు ఇయ్యలే.

పైకొచ్చి రేకు చూసిండు. వడియాలను చూసిండు. రేకును పట్టి పక్కకు పెట్టిండు, రెండు వడియాలు కింద పడ్డయి. తీగకు నా దారాలు, గుండ్లు అట్లనే ఉన్నయి. నేను తీసుడు మర్చిపోయిన.

"ఏం చూసినవు దీంతోటి?" అన్నడు.

మొన చూసిన అన్న. మొన ఎటుంటే లైను అటే గదా, నువ్వే నేర్పినవు. ఉపేందర్ అర్రకు పోతున్నది.

"దీనికి మొన లేదు. అది బోల్టు. బాయిల నెత్తి మీద దీపం పెట్టుకుంటం, దానికి మొన ఉంటదా? మొఖం ఎటు తిప్పితే వెలుగు అటు పడుతది. ఇది గూడ గంతే. మొఖం చూడాలె."

దారాలు ఇప్పి, పలక మొఖానికి ఎదురుంగ కట్టిండు. ఎనుక నిలవడి నన్ను చూడమన్నడు. నాకు చూడబుద్ధి కాలే. దారాలు కట్టక ముందే నాకు తెలిసింది. మూడొద్దుల సంది తెలుసు అనుకుంట. అయినా ఒక కన్ను మూసి చూసిన. గోడ మీది నుంచి, రోడ్డు దాటి, రేకుల షెడ్డు పక్కకెల్లి రాయమల్లు ఇంటెనుక కిటికీ. కిటికీల మాదాని అసొంటిదే ఒక తెల్లటి పలక, మా దిక్కు మొఖం పెట్టి ఉన్నది.

అందరు కలిసి చేసిండ్రు. సంపత్, శోభ, పదిహేనేండ్ల పిల్ల, సుసన్నక్క, ఈయన. నా ఇంట్ల నుంచి, నా నెత్తి మీది నుంచి, నాకు తెల్వకుంట.

నా కొడుకు బుక్కెడు కూడు గుంజబోయిన ఇంటికి నా కొడుకే నెట్టు ఇస్తున్నడా అన్న.

అప్పుడు ఈయన పైపు పట్టుకొని నిలవడి, వినొచ్చే చెవు నా దిక్కు తిప్పి చెప్పిండు.

"ఆ ఉత్తరం ఎవ్వడు రాసిండో నాకు తెల్వదు. కని పిల్లగాని వయసు సంగతి బయటవెట్టింది నేను. కల్లు దుకాణంల, నలుగురి నడుమ, నేనే చెప్పిన. రాయమల్లు నా పక్కనే ఉండి బావా ఇగ ఊకో అని నోరు మూసిండు."

పన్నెండేండ్లు ఎందుకు చెప్పలే అని అడిగిన్నో లేదో నాకు యాదికి లేదు. అడగకున్నా ఆయన చెప్పిండు, నిన్ను చూస్తే ధైర్యం రాలే అని.

రేకు పట్టుకొని దిగిన. వడియాలు లెక్కవెట్టలే. కాకులు తింటే తిననీ.

ఫిబ్రవరి 20, గురువారం

ఈయనతోటి మాట్లాడలే. అన్నం పెట్టిన.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పెట్టిన.

రేకు తీసినా గోడవతల నెట్టు సరిగ పోతలేదట, శోభ ఫోన్ల అంటుంటే విన్న. ఈసారి నేను చెయ్యలే.

ఫిబ్రవరి 22, శనివారం

సంపత్ సెకండ్ షిఫ్టుకు పోయే ముందు చెప్పిన. తిప్పింది కోతులు కాదు, నేను. రేకు పెట్టింది గూడ నేనే.

టిఫినుడబ్బ చేతుల పట్టుకొని గడపల కూసున్నడు. శోభ వంటింట్లకెల్లి ఇవుతలికి వచ్చి నిలవడ్డది. తిడుతడనుకున్న, తిట్టలే.

"డబ్బా ఖరాబైందని నాలుగొద్దులు ఇప్పి చూసిన" అన్నడు. టిఫినుడబ్బ పక్కకు పెట్టి మళ్ళ అన్నడు. "నీకు ఏదన్న చెప్పాలంటే భయమే అమ్మా. ఈ ఇంట్ల మేమందరం మెల్లగ మాట్లాడుడు నేర్చుకున్నం."

నీ కొలువు కోసమే గదరా అన్న. అవునమ్మా అన్నడు. ఆ అవునుతోటి నాకేం నెమ్మది కాలే.

నన్ను చూసి గుసగుసలు పెడుతరని ఇన్నొద్దులు అనుకున్న. నన్ను చూసే పెడుతున్నరు. నేను అనుకున్నదాంట్ల తప్పు లేదు. కని రాసినంక అది వేరే తీరుగ కనవడుతున్నది.

కోతులకు తిరగొద్దని బిగిచ్చినప్పుడే పలక మొఖం జరిగినట్టున్నది అన్నడు సంపత్, డ్యూటీకి పోయే ముందు పానాతోటి వదులు చేసి పోయిండు. సహస్ర, నేను మేడ ఎక్కినం. పరీక్షలు పెట్టుకొని నువ్వెందుకు అంటే, నువ్వొక్కదానివి తిప్పితే యాడికి పోతదో తెల్వదు అన్నది. నేను పలక పట్టుకున్న. పిల్ల ఫోను చెవుకు పెట్టుకొని అటు హర్షిణితోటి మాట్లాడుతున్నది. అటు కంప్యూటర్ల గీతలు కనవడుతయట, ఎన్ని గీతలొస్తే అంత మంచిదట. ఎడమకు అంటే ఎడమకు, కుడికి అంటే కుడికి. ఒక్క వేలు సందు జరిపితే గీత పోతున్నది, అర వేలు జరిపితే వస్తున్నది. చేతులు గుంజుతున్నయి.

అటు దిక్కు నుంచి అడిగింది, ఎవ్వలు తిప్పుతున్నరు, ఇంత నిమ్మలంగ అని.

"కోతి" అన్నది సహస్ర. "ముసలి కోతి."

నన్ను చూసి నవ్వింది. అంటే దీనికి ముందు నుంచే తెలుసు. వాళ్ళ నాయినకు చెప్పలే, ఎందుకు చెప్పలే అంటే భుజాలు ఎగరేసింది. వడియాలు రేకు మీద పెట్టేటోళ్ళను నేనెన్నడు చూడలే నానమ్మా అన్నది.

సహస్ర స్పీకర్ పెట్టింది. హర్షిణి గొంతు నేను పన్నెండేండ్ల కింద విన్న, అప్పుడది రెండు జడలతోటి బడికి పోయేది, కీచుగ మాట్లాడేది.

"అత్తమ్మా?"

నేను పలక పట్టుకొని ఉన్న. పలికితే చెయ్యి కదులుతదని పలకలే.

"ఇంకొంచెం కుడికి అత్తమ్మా" అన్నది. "ఆఁ. ఆగు. గట్లనే ఉంచు."

అట్లనే ఉంచిన. సహస్ర బోల్టు బిగిచ్చింది.

ఫిబ్రవరి 24, సోమవారం

పొద్దుగాల నుంచి ఏం పని చేతగాలే. ఇయ్యాలనే హైదరాబాదోళ్ళు చూసేది. కాకి వాలితే కదులుతదేమోనని రెండుసార్లు మేడ ఎక్కొచ్చిన. చెయ్యి పెట్టలే, చూసిన అంతే. ఈయన గూడ నా ఎనుకనే ఎక్కిండు. మాట్లాడలే. ఇద్దరం పైపుకు అటొకలం ఇటొకలం కూసున్నం. ఐదొద్దుల సంది మందు గోలీలు నేనియ్యకపోతే ఆయనే వేసుకుంటున్నడు, ఎర్రది పొద్దున వేసుకుంటున్నడో రాత్రి వేసుకుంటున్నడో. రేపటి సంది నేనే ఇస్త. మాట్లాడేది తర్వాత చూద్దాం.

మధ్యాహ్నం శోభ ఫోను పట్టుకొని ఉరికొచ్చింది. లైను ఒక్కసారి గూడ ఆగలేదట. ఇంకా ఇంటి కాన్నుంచే చేసుకో అన్నరట. పోవుడు లేదు అత్తమ్మా, పోవుడు లేదు అని రెండుసార్లు చెప్పింది, నాకు చెవుడు లేదు.

బడి నుంచి వచ్చినంక సహస్ర, తాత నిన్ను చూస్తనంటున్నడు అన్నది. ఏ తాత అన్న. నీకెందరు తమ్ముళ్ళున్నరు నానమ్మా అన్నది.

ఫోన్ల కనవడ్డడు. మంచం మీద దిండుకు ఆనిచ్చి కూసోవెట్టిండ్రు. తెల్లగడ్డం. మూతి కుడి దిక్కుకు జారింది. నాకు తెలిసిన మనిషి అండ్ల యాడ ఉన్నడో వెతుక్కుంటున్న, కండ్లు దొరికినయి. హర్షిణి పక్కన నిలవడి గల్లాకు తువ్వాల పెడుతున్నది.

ఏమనాలె? ఉత్తరం సంగతి అనాల్నా? రేకు సంగతి అనాల్నా? మంచిగున్నవా అని అడగడానికే నాకు నోరు రాలే, అడగకున్నా కనవడుతున్నది. వస్త రాయమల్లూ అన్న. ఒకరోజు వస్త.

ఏందో అన్నడు. నాకు అర్థం కాలే. అడ్డం తిరిగిన నాలుకతోటి మళ్ళ అన్నడు. హర్షిణి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఎడమ చెయ్యి, తనే మూడోసారి అన్నడు.

"వస్త అంటే కాదక్కా. తారీఖు చెప్పు."

సర్వేల పని చేసిన మనిషి. అంకె చెప్తే తప్ప నమ్మడు.

ఎల్లుండి బుధవారం శివరాత్రి, ఒక్కపొద్దు, నడువలేను అన్న. గురువారం అమాస ఎక్కుతది. శుక్రవారం కొత్తగ పోయే రోజు కాదు. శనివారం సంపత్‌కు డ్యూటీ, నన్ను రోడ్డు దాటిచ్చేటోళ్ళు లేరు. నేను దాటిస్త అని ఎనుక నుంచి ఈయన అన్నడు. నేను ఆ మాట విననట్టే ఉన్న. ఆదివారం అన్న. మార్చి రెండు.

రాయమల్లు హర్షిణి దిక్కు చూసిండు. ఆ పిల్ల పోయి గోడ క్యాలెండర్ మీద కలంతోటి గీసింది. గీసినట్టు చేసి ఊకున్నరేమోనని, ఫోను దగ్గరికి పెట్టి చూపెట్టుమన్న. చూపెట్టింది. రెండు అంకె చుట్టూ గుండ్రంగ గీత ఉన్నది, పక్కన అత్తమ్మ అని రాసి ఉన్నది.

నేను గూడ ముందటి పేజీలు తిప్పి రాసిపెట్టిన, మర్చిపోయిన అనడానికి లేకుంట.

మార్చి 2, ఆదివారం, పొద్దుగాల తొమ్మిదింటికి, మా రాయమల్లు ఇంటికి.